‘కొందరు పిల్లలు లేటే’ అని ఆగకండి

పుట్టగానే ఏడవని బిడ్డకు మెదడు దెబ్బతినకుండా ఆరు గంటల్లోపు మొదలుపెట్టి 72 గంటలు ఒళ్లు చల్లబరిచే చికిత్స గురించి మీరు వేసిన వ్యాసంలో వివరంగా రాశారు. ఇంటికొచ్చాక ఏం చేయాలన్నది మాత్రం రెండు ముక్కల్లో తేల్చేశారు. మావాడూ అలాంటి బిడ్డే, మా కథ మొదలైందే అక్కడ.

నాలుగో నెల దాటినా మావాడు ఎడమ బొటనవేలు పిడికిట్లోనే దాచుకునేవాడు. ‘వీళ్ల నాన్నకీ అన్నీ లేటే’ అన్నారు అత్తయ్య. డాక్టరు గారూ ఏడాది నిండనీయమన్నారు. అలా మూడు నెలలు పోయాయి, అది ఇప్పటికీ మింగుడుపడదు. జిల్లా ఆసుపత్రిలో డీఈఐసీ (పిల్లల ఎదుగుదల లోపాలను ముందే పట్టి చికిత్స చేసే కేంద్రం) ఉందని, ఫిజియోథెరపీ ఉచితమని చెప్పింది మా ఆశా వర్కరే.

అక్కడ నేర్పినవన్నీ చిన్న పనులే. తువ్వాలు చుట్టి రొమ్ము కింద పెట్టి బోర్లా పడుకోబెట్టడం, బొమ్మలు ఎడమ పక్కనే పెట్టడం. కాస్త పెద్దయ్యాక చెంచా పట్టు చిక్కడం లేదని కాడకి పాత చీర పేలిక చుట్టాను. రాగిజావ సగం ఒంటిమీదే, అయినా వాడే తిన్నాడు! విడిగా గంట కూర్చోబెట్టి చేయిస్తే ఏడుపే. స్నానంలో, తిండిలో కలిపేస్తే చేసేవాడు.

కళ్లు, చెవుల పరీక్షలు తప్పక చేయించండి. ఫిట్స్ మందు మీ అంతట మీరు ఆపకండి. వైకల్య సర్టిఫికెట్ అంటే నామోషీ వద్దు, సెరిబ్రల్ పాల్సీ (పసితనంలోనే మెదడు దెబ్బతిని కాళ్లూచేతులు సరిగా ఆడకపోవడం) 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఉంది. ఇలాంటి పిల్లలకి కేంద్ర ప్రభుత్వం పెట్టిన నిరామయ ఆరోగ్య బీమాలో ఏడాదికి లక్ష వరకు వస్తుంది, థెరపీ ఖర్చుకి కూడా.

ఇప్పుడు వాడికి మూడేళ్లు. ఎడమ చేత్తో గొళ్లెం లాగి వీధిలోకి పారిపోతున్నాడు.