సినీ హత్య – విశాఖ హక్కు

ఉక్కు ఫ్యాక్టరీ కోసం 1966లో ఈ ఊరు రోడ్డెక్కింది. ఇప్పుడు దానికి ఏమాత్రం తీసిపోని ఇంకో అన్యాయం గురించి గట్టిగా మాట్లాడక తప్పదు. సినిమావాళ్ళ మధ్య హత్య జరగడం, దాన్ని ఓ డిటెక్టివ్ ఛేదించడం అనే కథలు ప్రపంచమంతా తీస్తున్నారు. విశాఖపట్నంలో మాత్రం, మాట వరసకైనా, ఒక్క నిర్మాతను చంపిన పాపాన పోలేదు.

మాకు పడేసేవి ఏమిటయ్యా అంటే, బీచ్ రోడ్డు మీద హీరో బండి తోలే పాట, పోర్టు దగ్గర విలన్ గోడౌను. మరీ ప్రేమ పుట్టుకొస్తే కెరటాలతో కొట్టుకొచ్చే ఒక శవం. శవం మాది, కేసు హైదరాబాద్‌ది. రెండో సీనుకే ఓ స్పెషలాఫీసరు నల్ల కళ్ళద్దాలతో విమానం దిగి, "ఇది లోకల్ పోలీసుల వల్ల కాదు" అనేస్తాడు. 2019లో 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ' పుణ్యాన నెల్లూరుకి సైతం ఒక డిటెక్టివ్ దక్కాడు. నెల్లూరు మీద మాకేం కోపం లేదు, చేపల పులుసు విషయంలో గౌరవమే. కానీ సినిమాహాలు పేరే సెంటరు పేరుగా మారిన జగదాంబ జంక్షన్ ఉన్న ఊరికి సినీ హత్య ఛేదించే డిటెక్టివ్ లేకపోవడం ఏం న్యాయం?

ఇలాంటి కథల్లో తలమానికం 1950లో వచ్చిన 'సన్‌సెట్ బులవార్డ్'. ఈతకొలనులో తేలుతున్న శవమే కథంతా చెబుతుంది. ఆ శవం ఓ సినిమా రచయితది. రచయిత చెప్పిన కథను ఎవరూ అడ్డు తగలకుండా ఆఖరుదాకా వినాలంటే ఆయన ముందు చచ్చిపోవాలన్న పరిశ్రమ సూత్రాన్ని ఇంత సూటిగా చెప్పిన సినిమా మళ్ళీ రాలేదు. వాళ్ళకి ఉన్నది ఒక్క ఈతకొలను. మాకు ఏకంగా బంగాళాఖాతమే ఉంది.

అసలు కేసులు చూస్తే సినిమాలు వాటి ముందు దిగదుడుపే. 1922 ఫిబ్రవరిలో హాలీవుడ్ దర్శకుడు విలియం డెస్మండ్ టేలర్ తన ఇంట్లో చనిపోయి కనిపించాడు. గుంపులోంచి ఒకాయన "నేను డాక్టర్ని" అంటూ ముందుకొచ్చి, పైపైన చూసి, కడుపులో రక్తస్రావమని తేల్చేసి తన దారిన తాను పోయాడు. తీరా శవాన్ని తిప్పి చూస్తే వీపులో తుపాకీ గాయం! ఆ డాక్టరు మళ్ళీ ఎవరికీ కనబడలేదు. హంతకుడూ దొరకలేదు. ఒకే సీను, రెండే డైలాగులు, వందేళ్ళు దాటినా జనం మర్చిపోలేదు. మా ఊళ్ళో జూనియర్ ఆర్టిస్టులు కలలు కనే వేషం అది.

ఇక తెలుగు సినిమా కూడా మద్రాసులోనే కాపురం ఉన్న రోజులు. తారల గుట్టు అచ్చేసే పత్రిక నడిపిన లక్ష్మీకాంతన్‌ని 1944 నవంబరులో కత్తితో పొడిచారు. అరవ తెర మీద మకుటం లేని మహారాజు త్యాగరాజ భాగవతార్‌కీ, హాస్యనటుడు ఎన్.ఎస్. కృష్ణన్‌కీ శిక్ష పడింది. కేసు లండన్‌లో ఉన్న అప్పటి ఆఖరి అప్పీలు కోర్టు ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్ళొచ్చాక 1947లో ఇద్దరూ నిర్దోషులుగా బయటికొచ్చారు. భాగవతార్ జైల్లో ఉండగా ఆయన సినిమా 'హరిదాస్' మద్రాసులో ఆడుతూనే ఉంది, మూడు దీపావళులు చూసింది. బయటికొచ్చాక మాత్రం ఆ వైభవం తిరిగి రాలేదు. పొడిచిందెవరో నేటికీ తేలలేదు. (ఇది తలచుకున్నప్పుడు వ్యంగ్యం రాయడానికి చెయ్యాడదు. కాబట్టి ముందుకు పోదాం.)

మా అర్హతల సంగతి. తలుపులు మూసిన గదిలో హత్య కావాలంటారా? 2001లో నేవీ నుంచి రిటైరై ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా కూర్చున్న కుర్సురా సబ్‌మెరైన్ ఉంది. ఒకవైపు ఎక్కి రెండోవైపు దిగాలి, మధ్యలో తల వంచకపోతే బొప్పి ఖాయం. సక్సెస్ మీట్ అందులో పెడితే హంతకుడు ఎటూ పోలేడు, ప్రొడ్యూసరూ పోలేడు. డిటెక్టివ్ మాత్రం ఓవర్‌కోటు ఇంటి దగ్గర వదిలేసి రావాలి. మే నెల ఉక్కపోతలో ఆ వేషం వేస్తే ఇంటర్వెల్‌కే రెండో శవం లేస్తుంది.

పరిశ్రమే లేని ఊళ్ళో సినీ హత్యకు కారణమేముంటుందని కొందరు పెద్దల సందేహం. పాపం, వాళ్ళెప్పుడూ సన్మానసభకు వెళ్ళినట్టు లేదు. శాలువా ఎవరికి ముందు కప్పారు, ఎవరి పేరు ముందు 'ప్రముఖ' లేదు అన్నవి చాలు, నాలుగు హత్యలకు సరిపోతాయి.

ఇక శవాల నటనకు ఢోకా లేదు. పొద్దున్నే బీచ్‌లో ఇలాంటి షూటింగే జరుగుతోంది. తాడు కట్టి జనాన్ని ఆపారు. చొక్కా మీద ఎర్రరంగు పూసుకుని ఒకాయన ఇసకలో పడి ఉన్నాడు. కెరటం వచ్చినప్పుడల్లా ఒక చెయ్యి మెల్లగా కదిలి లుంగీ సర్దుకుంటోంది. 'కట్' అనగానే ఒక కన్ను తెరిచి, తాడు అవతల బజ్జీల బండి వైపు రెండు వేళ్ళు చూపించాడు. "అదేటి బాబూ, సచ్చిపోనోడు బజ్జీలు అడుగుతన్నాడేటి!" అంది బండి దగ్గరామె, అప్పటికే పొట్లం కడుతూ. దర్యాప్తుకొచ్చిన ఎస్సై వేషధారి డబ్బులిచ్చాడు.

కాబట్టి మా డిమాండు న్యాయమైనదే. శవం, సాక్షి, డిటెక్టివ్ ముగ్గురూ లోకల్ వాళ్ళే ఉండాలి. హంతకుడి విషయంలో పట్టుబట్టం. పోస్టరు మీద పెద్ద పేరుండి సినిమాలో రెండే సీన్లున్న నటుడే హంతకుడని మొదటి రీలులోనే జనం ఎలాగూ కనిపెట్టేస్తారు. ఆయన్ని విజయవాడ నుంచి తెచ్చుకున్నా మాకు అభ్యంతరం లేదు. హత్య జరిగిన టైముకి రత్నాచల్‌లో ఉన్నానని ఆయన అంటాడు. ఆ రోజు బండి ఎన్నింటికి వచ్చిందో రైల్వేవాళ్ళు తేల్చాలి గనక, కథ సీక్వెల్‌కి వెళ్తుంది.