తులసికోట చాలు, రికార్డు ఎందుకు?

ఒడిశాలోని మా బరంపురంలో ఈమధ్య ఒక చెడ్డ అలవాటు పుట్టుకొచ్చింది. అమ్మనో నాన్ననో వృద్ధాశ్రమంలో చేర్చడానికి వెళ్ళిన పిల్లలు అక్కడ ప్రశ్నలు వేస్తున్నారు. నెలకు ఎంత అని కాదు, అదైతే మర్యాదే. రాత్రి రెండింటికి మేలుకొని ఎవరుంటారు, పోయిన ఏడాది ఎంతమంది జారిపడ్డారు, అగ్నిమాపక శాఖ పత్రం గడువు ఎప్పటివరకు ఉంది, మాట వినని వాళ్ళను మంచానికి కట్టేస్తారా, ఇలాంటివి. పెద్దమనుషులు నడిపే సంస్థకు వెళ్ళి, వాళ్ళు ఇచ్చిన కాఫీ తాగుతూ ఇవన్నీ అడగడానికి నోరెలా వస్తుందో నాకు అర్థం కాదు. మొగ్గలోనే తుంచకపోతే రేపు స్నానాల గది కూడా చూపించమంటారు.

మన సంప్రదాయం వేరు. వృద్ధాశ్రమాలకు సంప్రదాయం ఏమిటని నవ్వకండి. ఏ తప్పునైనా ఇరవై ఏళ్ళు వరసగా చేస్తే అది సంప్రదాయమే. ఆదివారం ఉదయం పదింటికి, ముందుగా ఫోను చేసి, కారులో వెళ్తాం. గేటు దగ్గర వినాయకుడు, లోపల తులసికోట, మందిరంలో భజన, హాల్లో పెద్ద టీవీ. మేనేజరుగారు తెలుగువారే, తీరా ఆరా తీస్తే దూరపు చుట్టం కూడా. ఫలానా రిటైర్డు హెడ్మాస్టరుగారి తల్లి ఇక్కడే ఉన్నారని ఆయన ఒక మాట అంటారు. మనకు కావలసిన రికార్డు అదే. కూరలో ఉల్లిపాయ వేస్తారా లేదా అన్న విషయం మీద మాత్రం అరగంట గట్టిగా విచారణ జరుపుతాం. తరువాత నాన్నగారిని పూలకుండీల మధ్య కూర్చోబెట్టి, ఫొటో తీసి, కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెడతాం. అందరూ చేతులు జోడించిన బొమ్మలు పంపుతారు. తనిఖీ పూర్తయింది.

ఆశ్రమాలవాళ్ళు తెలివైనవాళ్ళు. ఉండబోయేది నాన్నగారే అయినా నచ్చవలసింది కొడుక్కని వాళ్ళకు తెలుసు. అందుకే డబ్బంతా కొడుకు కన్ను పడేచోట ఖర్చు పెడతారు. అతను నడిచే దారిలో నున్నటి గ్రానైటు పరుస్తారు. తడి తగిలితే ఆ గ్రానైటు మీద ఎనభై ఏళ్ళ మనిషి ఎలా నిలబడతాడన్న సందేహం కొడుక్కి రాదు, అతనికి నలభై ఐదే.

పట్టుచీర కొనేటప్పుడు మాత్రం మా ఊరివాళ్ళ తీరు వేరు. కొంగు చివర పోగు లాగి, కాల్చి, వెంట్రుక కాలిన వాసన వస్తే తప్ప అది అసలు పట్టని ఒప్పుకోరు. కొట్టువాడు నొచ్చుకోడు సరికదా, అగ్గిపెట్టె తనే అందిస్తాడు. అదే మనిషి నాన్నగారిని అప్పగించేచోట "మీ రిజిస్టరు ఒకసారి చూపిస్తారా" అని అడగవలసి వస్తే, ఎదుటివాళ్ళ మనసు నొప్పించకూడదని ఆగిపోతాడు. చీర విషయంలో నష్టపోయేది తను కదా మరి.

ఈ ప్రశ్నల రోగం ఎక్కడి నుంచి అంటుకుందో నేను కనిపెట్టాను. మా వీధిలో ఒక పెద్దాయనకు న్యూజెర్సీలో అల్లుడున్నాడు. ఆయన తన అక్కగారికి ఆశ్రమం వెతుకుతుంటే అల్లుడు ఫోను చేసి, "మామయ్యగారూ, వాళ్ళ తనిఖీ నివేదిక చూశారా?" అన్నాడట. "చూశాను బాబూ, ఫ్రేము కట్టించి గోడకే తగిలించారు" అన్నారు పెద్దాయన. అది సొసైటీ రిజిస్ట్రేషను సర్టిఫికెట్. 1860 నాటి సొసైటీల చట్టం కింద ఏడుగురు కలిసి సంతకాలు చేస్తే వచ్చే కాగితం. ఏడుగురు మనుషులు ఉన్నారని అది చెబుతుంది. మెట్ల పక్కన పట్టుకోవడానికి కమ్మీ ఉందని చెప్పదు.

ఆ అల్లుడుండే దేశంలో పరువు అన్న మాటకు విలువ లేదు. అక్కడ వృద్ధుల ఆరోగ్య బీమా నడిపే ప్రభుత్వ సంస్థ మెడికేర్ వాళ్ళు 'కేర్ కంపేర్' అని ఒక వెబ్‌సైటు పెట్టుకున్నారు. 2008 చివరి నుంచి ప్రతి నర్సింగ్‌హోముకు, అంటే మంచాన పడ్డ పెద్దవాళ్ళను చూసుకునే ఆశ్రమానికి, ఒకటి నుంచి అయిదు వరకు నక్షత్రాలు వేసి ఊరంతటికీ చూపిస్తున్నారు. తనిఖీకి వచ్చేవాళ్ళు ముందుగా కబురు చెయ్యరు. రెండు తనిఖీల మధ్య పదిహేను నెలలకు మించి ఎడం ఉండకూడదట. కనబడిన ప్రతి లోపానికీ తీవ్రతను బట్టి 'ఏ' నుంచి 'ఎల్' వరకు ఒక అక్షరం. ముసలావిడకు వేళకు మందు ఇవ్వకపోయినా, వంటగదిలో ఎలుక తిరిగినా, దారిన పోయేవాడు కూడా చదువుకోవచ్చు. ఇంగ్లండులో ఇంకా ఘోరం. అక్కడి తనిఖీ సంఘం ఇచ్చిన శ్రేణిని ఆశ్రమమే తన గోడ మీద పెట్టుకోవాలి, అది 'బాగాలేదు' అనే శ్రేణి అయినా సరే.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఆ నక్షత్రాల్లోనూ కొన్ని, ఆశ్రమాలవాళ్ళు తమంత తాము పంపుకున్న లెక్కల మీదే పడతాయి, కాబట్టి అక్కడా మనవంటి వాళ్ళు ఉన్నారు. పైగా వాళ్ళేమీ పుట్టు జ్ఞానులు కారు. 2003లో హార్ట్‌ఫర్డ్, నాష్‌విల్ నగరాల్లో రెండు నర్సింగ్‌హోములు కాలి 31 మంది చనిపోతే, అన్ని నర్సింగ్‌హోముల్లోనూ పైకప్పు నుంచి నీళ్ళు చిమ్మే ఏర్పాటు తప్పనిసరి కావడానికి 2013 ఆగస్టు వచ్చింది.

మనకూ చట్టం లేకపోలేదు. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం, 2007. జిల్లాకు కనీసం ఒకటి చొప్పున, 150 మంది నిరుపేద వృద్ధులకు చోటుండేలా రాష్ట్ర ప్రభుత్వాలు ఆశ్రమాలు ఏర్పాటు చేయవచ్చని అందులో ఉంది. 'చేయవచ్చు' అని రాసిన ఆ కలానికి దండం పెట్టాలి. తల్లిదండ్రులను గాలికి వదిలేసిన కొడుక్కి మూడు నెలల జైలో, అయిదు వేల జరిమానానో, రెండూనో వెయ్యవచ్చు. గ్రానైటు ఉన్నచోట వదిలేస్తే ఏమీ లేదు. ఫిర్యాదు చెయ్యాలంటే వృద్ధుల కోసం 14567 నంబరు ఉంది, ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా పలుకుతుంది. ముసలివాళ్ళు ఆ వేళల్లోనే పడాలన్న క్రమశిక్షణ మనమే అలవాటు చెయ్యాలి.

పడటం అన్నాను కనుక ఆ ముచ్చట తీరుద్దాం. ఏ ఆశ్రమానికి వెళ్ళి అడిగినా ఒకటే జవాబు: "మా దగ్గర ఇంతవరకు ఒక్కరు కూడా పడలేదండీ." వినడానికి ఎంత హాయి! 65 ఏళ్ళు దాటినవాళ్ళలో ఏటా 28 నుంచి 35 శాతం మంది ఒక్కసారైనా పడతారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. నలభైమంది ఉన్న ఆశ్రమంలో ఏడాదికి పదకొండు నుంచి పద్నాలుగు మంది పడాలి. ఒక్కరూ పడలేదంటే భూమ్యాకర్షణ శక్తిని కూడా చెప్పులతో పాటు గేటు బయటే విడిచి రమ్మన్నారన్నమాట. ఇంతటి అద్భుతం జరిగిన చోట రిజిస్టరు అడగడం దైవద్రోహం.

రిజిస్టరు ఉన్నచోట చూడండి, ఎంత అసహ్యంగా ఉంటుందో. 'రాత్రి 2.10, బాత్రూము దగ్గర, తలకు దెబ్బ, ఆసుపత్రికి పంపాం, కొడుక్కి ఫోను చేశాం, మర్నాడు గుమ్మం దగ్గర లైటు పెట్టించాం.' పేజీల కొద్దీ ఇవే. వీపు మీద పుండు ఎవరికి, ఏ రోజున కనబడింది, ఎన్ని గంటలకోసారి పక్క మార్చారు, ఏ మాత్ర ఎవరు ఇచ్చారు, అన్నీ రాసి పెట్టుకున్నారు. ఇన్ని తప్పులు తమ చేత్తో రాసుకున్న ఆశ్రమంలో పెద్దవాళ్ళను ఎవరైనా చేరుస్తారా? తెల్లకాగితంలా ఉన్న ఆశ్రమమే నయం.

ఇక నిప్పు సంగతి. 2016 నాటి జాతీయ భవన నిర్మాణ నియమావళి వృద్ధుల గృహాలను ఆసుపత్రులు, జైళ్ళు ఉన్న వర్గంలోనే చేర్చింది. మనుషులు తమంత తాము పరుగెత్తి బయటపడలేని భవనాలని దాని భావం. మా వైపు ఆశ్రమాలు ఎక్కువగా అద్దె ఇళ్ళు. రాత్రి పదింటికి గ్రిల్లు గేటుకు తాళం పడుతుంది. దొంగ లోపలికి రాకుండా, మతిమరుపు తాతగారు బయటికి పోకుండా, ఒకే తాళంతో రెండు పనులు. తాళంచెవి కాపలాదారు దగ్గర ఉంటుంది. కాపలాదారు ఎక్కడుంటాడన్నది అనవసర ప్రశ్న. 2016 అక్టోబరులో మన భువనేశ్వర్‌లోనే ఒక పెద్ద ఆసుపత్రిలో మంటలు లేచి ఇరవైమందికి పైగా పోయారు. 2023లో కొత్త సంవత్సరం తెల్లవారుజామున ఢిల్లీలో ఒక వృద్ధుల సంరక్షణ గృహం అంటుకుని ఇద్దరు పెద్దావిడలు చనిపోయారు. ఇవన్నీ పత్రికల్లో చదివి అయ్యో అనుకోవడానికి, వెళ్ళి గేటు తాళం లాగి చూడటానికి కాదు.

గోడకు ఎర్ర సిలిండరు మాత్రం తప్పక ఉంటుంది. దసరాకు ఆయుధపూజలో దానికీ పసుపు, కుంకుమ, బంతిపూల దండ. గడువు తేదీ ఆ పసుపు కింద ఎక్కడో ఉంటుంది, గోకి చూడటం పాపం. షోలాపూర్ వైపు స్థిరపడిన మన తెలుగువాళ్ళ పరిస్థితి మరీ కష్టం. మహారాష్ట్రలో 2006 నాటి అగ్నిభద్రతా చట్టం ప్రకారం భవన యజమాని ఏడాదికి రెండుసార్లు, జనవరిలో ఒకటి, జులైలో ఒకటి, పరికరాలు సరిగ్గా పనిచేస్తున్నాయని లైసెన్సు ఉన్న సంస్థ చేత 'బి' ఫారం రాయించి ఇవ్వాలి. అంటే అక్కడి కొడుకు ఒక్క కాగితం అడిగితే చాలు, విషయం తేలిపోతుంది. ఇంత సులభమైన పనిని కూడా చెయ్యకుండా నిగ్రహించుకోగలుగుతున్నందుకు వాళ్ళను అభినందించాలి.

తుఫాను గురించి నేను మాట్లాడను. మా గంజాం జిల్లావాళ్ళకు తుఫాను ఇంటి చుట్టమే. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018లో తిత్లీ పలకరించి వెళ్ళింది. "ఫైలిన్ రాత్రి మీ దగ్గరున్న పెద్దవాళ్ళను ఎక్కడ ఉంచారు? ఆ తరువాత కరెంటు లేని రోజుల్లో నీళ్ళు ఎలా తోడారు?" అని అడిగితే ఏ ఆశ్రమమైనా అయిదు నిమిషాల్లో తన జాతకం తనే చెప్పేస్తుంది. అందుకే అడగరాదు. జనరేటరు ఉందా అంటే ఉందంటారు. అది ఆఫీసు ఏసీకి తగిలించిందా, ఆక్సిజన్ యంత్రానికి తగిలించిందా అని తీగ వెంట నడిచి చూసేవాడు కొడుకు కాడు, ఎలక్ట్రీషియను.

సరిహద్దు ఊళ్ళలో మరో సౌకర్యం ఉంది. పగటిపూట మనతో మాట్లాడే మేనేజరుగారి తెలుగు ముత్యాల్లా ఉంటుంది. రాత్రి ఉండే ఆయాకు ఒడియా తప్ప రాదు. అరవై ఏళ్ళు బజారులో ఒడియాలో బేరాలాడిన అమ్మ, మతి తప్పే వయసు వచ్చేసరికి ఆ భాష కాస్తా జారవిడిచి, పుట్టింటి తెలుగుకు తిరిగి వెళ్ళిపోతుంది. అర్ధరాత్రి "ఎడమ చెయ్యి లాగేస్తోందే" అని అమ్మ అంటే, ఆయా పాపం నూనె తెచ్చి చెయ్యి మర్దన చేస్తుంది. ఆమెను అనడానికి లేదు, ప్రేమగానే చేస్తుంది. రాత్రి డ్యూటీలో తెలుగు తెలిసినవాళ్ళు ఒకరుండాలని రాతపూర్వకంగా అడిగిన కొడుకును నేనింతవరకు చూడలేదు. ఉల్లిపాయ లేని కూర కావాలని రాయించుకున్నవాళ్ళను చూశాను.

సరే, ఇంత చెప్పినా వినకుండా రికార్డు కావాలనుకునే మొండివాళ్ళకు ప్రభుత్వమే దారి చూపింది. ప్రభుత్వ గ్రాంటుతో నడిచే ఆశ్రమమైతే, 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దాని తనిఖీ నివేదికల నకళ్ళు జిల్లా సామాజిక భద్రతా అధికారి కార్యాలయంలో అడగవచ్చు. ఒడిశాలో దానికి 'ఏ' ఫారం నింపాలి, పది రూపాయలు కట్టాలి, నువ్వు నువ్వేనని గుర్తింపు కాగితం పెట్టాలి. జవాబుకు 30 రోజులు గడువు. మనిషి ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించిన సమాచారమైతే 48 గంటల్లో ఇవ్వాలి. వృద్ధాశ్రమం గేటు తాళం వీటిలో ఏ పద్దు కిందికి వస్తుందో తేల్చేలోగా ముప్పై రోజులూ ఎలాగూ గడిచిపోతాయి. ఆశ్రమం ఇచ్ఛాపురం వైపు ఉంటే మరీ మంచిది. అది ఆంధ్ర అధికారుల పరిధి, మీరు ఒడిశా పౌరులు, డబ్బు పంపేది బెంగుళూరు నుంచి. మూడు రాష్ట్రాలు కలిసి ఒక ముసలాయనను కాపాడుతున్నాయన్న ధైర్యంతో నిద్రపోవచ్చు.

ఇంతకూ ఈ చెడ్డ అలవాటు ఎంత దూరం పోయిందంటే, మొన్న మా ఎరికలో ఒక రిటైర్డు టీచరమ్మగారు, వయసు డెబ్బై నాలుగు, తన కోసం తనే ఆశ్రమం చూసుకోవడానికి బయలుదేరింది. అదీ సాయంత్రం ఏడింటికి, ఫోను చెయ్యకుండా. కాఫీ వద్దంది. నేరుగా బాత్రూములోకి వెళ్ళి, లోపల గడియ వేసుకుని, బయటి నుంచి తీయడానికి వీలుందా అని ఆయాను అడిగింది. చెంబుడు నీళ్ళు నేల మీద పోసి, గోడ పట్టుకుని దాని మీద నడిచి చూసింది. అక్కడ మంచం మీద కూర్చున్న ఒక ముసలావిడను పలకరించి, రాత్రి దాహమేస్తే ఎవరిని పిలుస్తావమ్మా అని అడిగింది. ఆ ముసలావిడ మేనేజరుగారి వైపు చూసింది. ఆ పైన రిజిస్టరు.

"ఇవన్నీ మీకెందుకమ్మా, మీ అబ్బాయిగారిని పంపండి, అన్నీ వివరంగా చూపిస్తాం" అన్నారు మేనేజరుగారు ఎంతో గౌరవంగా.

"ఉండేది నేను. కట్టేది నా పింఛనులోంచి" అంది ఆవిడ.

మేనేజరుగారు కంప్యూటర్ వైపు తిరిగి, కాసేపు వెతికి, ప్రస్తుతానికి గదులు ఖాళీ లేవని చెప్పారు. మర్నాడు సింగపూర్ నుంచి ఎవరి అబ్బాయో ఫోను చేస్తే రెండు దొరికాయి.