పాలు, వంటసోడాతో గ్యాస్ట్రైటిస్ నయం కాదు

ఏళ్ళ తరబడి కడుపులో మంటతో బాధపడేవారికి గృహవైద్యం పేరిట ఒక సందేశం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఫోన్ల నుంచి ఫోన్లకు తిరుగుతోంది. దీర్ఘకాలిక గ్యాస్ట్రైటిస్‌కు మన కారమూ పులుపూ మాత్రమే కారణమనీ, చద్దన్నం, అంబలి వంటి పులిసిన తిండి దాన్ని ముదరబెడుతుందనీ అందులో ఉంది. ఇవన్నీ మానేసి నలభై రోజులపాటు పరగడుపున చల్లని పాలు, భోజనమయ్యాక నిమ్మరసంలో చెంచాడు వంటసోడా కలిపి తాగితే జబ్బు పూర్తిగా పోతుందట. మంట తగ్గితే నయమైనట్టే కనుక ఎండోస్కోపీ (కెమెరా ఉన్న గొట్టంతో కడుపు లోపల చూసే పరీక్ష) కూడా అక్కర్లేదట. ఇంట్లో పెద్దలు చెప్పే మాటలా ఉండడం వల్ల చాలామంది దీన్ని నమ్ముతున్నారు, పాటిస్తున్నారు కూడా. అందుకే దీనికి వివరంగా జవాబు చెప్పవలసి వస్తోంది.

ముందుగా కారం సంగతి. జీర్ణాశయం లోపలి పొర నెలల తరబడి, ఏళ్ళ తరబడి వాచి ఉండడమే దీర్ఘకాలిక గ్యాస్ట్రైటిస్. ప్రపంచమంతటా దీనికి ప్రధాన కారణం హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ 1982లో దీన్ని ప్రయోగశాలలో పెంచగలిగారు. అప్పటికీ వైద్యలోకం నమ్మకపోవడంతో, 1984లో మార్షల్ తన జీర్ణాశయం ఆరోగ్యంగా ఉందని ఎండోస్కోపీతో నిర్ధారించుకున్న తరువాత ఆ బాక్టీరియా ఉన్న ద్రవాన్ని తానే తాగారు. కొద్ది రోజుల్లోనే ఆయనకు వాంతులు మొదలయ్యాయి, మళ్ళీ ఎండోస్కోపీ చేసి జీర్ణాశయపు పొర నుంచి చిన్న ముక్క తీసి చూస్తే అది వాచి కనిపించింది. ఆ వాపు బాక్టీరియా వల్ల వచ్చింది, దానితో మిరపకాయకు ఏ సంబంధమూ లేదు. ఈ పరిశోధనకు 2005లో వారిద్దరికీ నోబెల్ బహుమతి లభించింది. ఈ బాక్టీరియా ఎక్కువగా చిన్నతనంలోనే, ఇంట్లోవారి నుంచో కలుషితమైన నీటి నుంచో ఒంట్లో చేరుతుంది. యూరియేజ్ అనే ఎంజైము సాయంతో తన చుట్టూ అమ్మోనియాను తయారుచేసుకుని ఆమ్లాన్ని తట్టుకుంటుంది, చికిత్స చేయకపోతే సాధారణంగా జీవితాంతం అక్కడే ఉండిపోతుంది. మనం కారం మానేసినంత మాత్రాన అది పోదు.

అయితే, కారం తిన్నప్పుడు మంట ఎక్కువవుతుందని చెప్పేవారు అబద్ధమాడడం లేదు. మిరపకాయలోని క్యాప్సైసిన్ నొప్పిని గ్రహించే నాడుల్ని రేపుతుంది కాబట్టి, పొర అప్పటికే వాచి ఉన్నవారికి బాధ పెరుగుతుంది. అటువంటివారు కారం తగ్గించుకోవడం సబబే, దానివల్ల ఉపశమనం కూడా కలుగుతుంది. కానీ బాధను పెంచేదీ జబ్బును తెచ్చేదీ ఒకటి కాకపోవచ్చునన్న సంగతిని ఈ సందేశం పూర్తిగా విస్మరించింది.

జీర్ణాశయాన్ని దెబ్బతీసే మరో ముఖ్యమైన కారణం, మందుల షాపులో చీటీ లేకుండా కొనుక్కునే నొప్పి మాత్రలు. వరి ఉభాల (నాట్ల) రోజుల్లో నడుము నొప్పికి, బరువులు మోసినవారు భుజం నొప్పికి, పెద్దవారు మోకాళ్ళ నొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి రోజుల తరబడి మింగుతుంటారు. జీర్ణాశయపు పొరను కాపాడే జిగురును, రక్తప్రసారాన్ని నిలబెట్టే ప్రోస్టాగ్లాండిన్లు ఒంట్లో తయారుకాకుండా ఈ మాత్రలు అడ్డుపడతాయి. కూరలో కారం మానేసి ఈ మాత్రలు మానకపోతే ఒరిగేదేమీ లేదు.

పులిసిన తిండి మీద మోపిన నింద మరీ అన్యాయమైనది. ఆమ్లగుణాన్ని పీహెచ్ అనే కొలతతో చెబుతారు, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం గాఢమవుతుంది. పరగడుపున జీర్ణాశయంలోని రసపు పీహెచ్ సాధారణంగా 1, 2 మధ్య ఉంటే, పులిసిన మజ్జిగది 4 దరిదాపుల్లో ఉంటుంది. ఈ కొలతలో ఒక్కో అంకెకు పదింతల తేడా ఉంటుంది కనుక, మన కడుపులో సహజంగా ఊరే ఆమ్లం మజ్జిగ కన్నా కనీసం వంద రెట్లు గాఢమైనది. చోడి (రాగి) అంబలి, చద్దన్నం వల్ల గ్యాస్ట్రైటిస్ వస్తుందనడానికి ఆధారం లేదు. తెల్లవారి పొలానికి వెళ్ళే మనిషి చేతిలోని అంబలి గిన్నెను లాగేసి, బదులుగా సోడా నీళ్ళు ఇవ్వడం వైద్యం అనిపించుకోదు.

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది పాలు, సోడా సలహా. ఇది కొత్తదీ కాదు, మన పెద్దలదీ కాదు. అమెరికాలోని షికాగోలో బెర్‌ట్రమ్ సిప్పీ అనే వైద్యుడు 1915లో, కడుపులో పుండ్లున్నవారికి గంటగంటకూ పాలు, మీగడ, నడుమ నడుమ వంటసోడా వంటి క్షారపు పొడులు ఇచ్చే పద్ధతిని ప్రచురించాడు. ఆ పద్ధతి కొన్ని దశాబ్దాలపాటు నడిచింది. దాన్ని పాటించినవారిలో కొందరికి రక్తంలో కాల్షియం, క్షారగుణం పెరిగి కిడ్నీలు దెబ్బతిన్నాయి. రోజుకొక గ్లాసు పాలతో అంత కీడు జరగదన్నది నిజమే. కానీ పాలు తాగిన కాసేపు మంట చల్లారినట్టనిపించినా, పాలలోని ప్రోటీను, కాల్షియం మళ్ళీ ఆమ్లం ఊరేలా చేస్తాయి. సోడాను నిమ్మరసంలో కలిపితే అందులో కొంత భాగం గ్లాసులోనే నురగై పోతుంది, దానిలోని సోడియం మాత్రం ఎక్కడికీ పోదు. 5 గ్రాముల వంటసోడాలో సుమారు 1,370 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. రోజు మొత్తానికి పెద్దవారు తీసుకునే సోడియం 2,000 మిల్లీగ్రాములకు లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

రక్తపోటు ఉన్నవారికి, కిడ్నీ దెబ్బతిన్నవారికి ఇది ఎంత హానికరమో చెప్పనక్కర్లేదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాలున్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ వ్యాధి ఎన్ని ఇళ్ళను కూల్చిందో ఆ జిల్లావారికి తెలుసు. ఆ తీవ్రత వల్లనే 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం వెలిసింది. ఈ జబ్బు తొలిదశలో లక్షణాలేవీ చూపకపోవచ్చు కనుక, తనకు అది ఉందని తెలియకుండానే రోజూ సోడా తాగే మనిషి ఉద్దానంలో ఏ వీధిలోనైనా ఉండవచ్చు. ఈ సందేశాన్ని అక్కడి బంధువులకు పంపేవారు ఈ ఒక్క విషయమైనా ఆలోచించాలని వేడుకుంటున్నాను.

విచిత్రమేమిటంటే, తిండిలో నిజంగా పట్టించుకోవలసిన ఉప్పు ఆ సందేశంలో ఎక్కడా లేదు. ఉప్పు ఎక్కువైతే జీర్ణాశయపు పొర దెబ్బతింటుంది. బాక్టీరియా కూడా ఉంటే, ఏళ్ళు గడిచేకొద్దీ ఆ పొర పలచబడి, క్రమంగా క్యాన్సర్ వైపు మళ్ళే అవకాశాన్ని పెంచుతుంది. ఈ బాక్టీరియాను క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో, అంటే క్యాన్సర్ తెస్తాయని నిర్ధారణైన వాటిలో, 1994లోనే చేర్చారు. బారువ నుంచి కళింగపట్నం దాకా తీరంలో ఉప్పుచేప, ఎండుచేప, ఇంటింటా ఊరగాయ రోజువారీ తిండిలో భాగమే. వాటిని పూర్తిగా మానమని నేననను, రోజూ తినే అలవాటు తగ్గాలి. సారా, చుట్ట కూడా జీర్ణాశయానికి హాని చేసేవే.

చివరగా, మంట తగ్గితే నయమైనట్టేనన్న మాట. హెలికోబాక్టర్ ఉన్నవారిలో అధికశాతానికి ఏ బాధా తెలియదు, లోపల వాపు మాత్రం కొనసాగుతుంటుంది. అందరికీ ఎండోస్కోపీ అవసరం లేదన్నది నిజమే, ఊపిరి పరీక్షతోనో మల పరీక్షతోనో బాక్టీరియాను కనిపెట్టవచ్చు. కానీ మలం తారులా నల్లగా వచ్చినా, వాంతిలో రక్తం పడినా, కారణం లేకుండా బరువు తగ్గినా, ముద్ద మింగుడుపడకపోయినా ఆలస్యం చేయకుండా డాక్టరును కలవాలి, అప్పుడు ఎండోస్కోపీ చేయించుకోక తప్పదు. ఊపిరి, మల పరీక్షలకు ముందు రెండు వారాలు ఒమెప్రజోల్, పాంటొప్రజోల్ వంటి ఆమ్లం తగ్గించే మందులు, నాలుగు వారాలు యాంటీబయాటిక్స్ డాక్టరు సలహాతో ఆపాలి, లేకపోతే ఉన్న బాక్టీరియా లేనట్టు చూపవచ్చు. బాక్టీరియా ఉందని తేలితే సాధారణంగా 14 రోజులపాటు మూడు నాలుగు రకాల మందులు కలిపి ఇస్తారు. మంట తగ్గిందని వాటిని మధ్యలో ఆపేస్తే మిగిలిన బాక్టీరియా ఆ మందులకు లొంగకుండా తయారయ్యే ప్రమాదముంది. కోర్సు ముగిసిన కనీసం నాలుగు వారాలకు మళ్ళీ పరీక్ష చేయించుకుంటేనే అది పోయిందో లేదో తెలుస్తుంది.