జీర ఎక్కడికీ పోలేదు

మీ వ్యాసం బాగుంది కానీ, సోల్ (అమెరికా నల్లజాతి వారి భావావేశపు పాట) పాడే గాయని పాప్ ఆల్బమ్ చేస్తే తన పాటను తానే పాడుచేసుకున్నట్టని రాశారు చూడండి, ఆ మాట మాత్రం ఒప్పుకోలేను. అమెరికన్ గాయని టీనా టర్నర్ సంగతేంటి మరి? 1960లలో సోల్, ఆర్ అండ్ బీ (రిథమ్ అండ్ బ్లూస్) పాటలతో వేదికలు దద్దరిల్లించిన మనిషి. 1984లో ‘ప్రైవేట్ డాన్సర్’ పాప్ ఆల్బమ్ వచ్చేనాటికి ఆమెకు 44 ఏళ్లు. సింథసైజర్లు, నున్నటి పాప్ శబ్దం... అయినా నోరు విప్పగానే అదే గరుకు గొంతు. నిన్న సాయంత్రం అయ్యకోనేరు గట్టు మీద నడుస్తూ మళ్లీ విన్నాను. పక్కన బజ్జీల బండి చిటపటల్లోనూ ఆ జీర వినబడింది!

మా విజయనగరం వాళ్లకి ఇదేం కొత్త కాదు. ఇక్కడి సంగీత కళాశాలలో శాస్త్రీయం నేర్చుకున్న ఘంటసాల సినిమాకి వెళ్లి, మైకుకి తగ్గట్టు పాడారు. రాగం మీద పట్టు పోయిందా? అంతెందుకు, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వాయించిన ఫిడేలు ఎక్కడి వాయిద్యమండీ?

అలాగని ప్రతి ప్రయోగమూ నిలబడుతుందని అనను. డ్రమ్ మెషీన్ మోత గొంతును మింగేస్తే నేనూ మధ్యలోనే ఆపేస్తాను. కాకపోతే ఒక్కసారి విని తీర్పు చెప్పేయకండి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఇంకోసారి వినండి, ముఖ్యంగా టీనా ఊపిరి తీసుకునే చోట్లు.