రోజుకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారో ముందు అడగండి

ఈ ఉదయం మా బంధువుల వాట్సాప్ గ్రూపులో బాబాయి పెట్టిన సందేశం చదివాక నాకు కాఫీ కూడా సహించలేదు. విజయవాడలో ఉంటున్న మా పిన్ని కూతురు సెడాన్ కారు కొనాలనుకుంటున్నానని, పెట్రోలు తీసుకోవాలో డీజిలు తీసుకోవాలో తేల్చుకోలేకపోతున్నానని రాసింది. రెండు నిమిషాలైనా గడవకముందే బాబాయి, "డీజిలే తీసుకోమ్మా, మైలేజీ వస్తుంది, పికప్ ఉంటుంది, రేపు అమ్ముకున్నా ధర పలుకుతుంది" అని జవాబిచ్చారు. ఎనిమిది నెలల క్రితం మా తమ్ముడి గృహప్రవేశంలో, భోజనాల దగ్గర, ఆయన మా తమ్ముడికి చెప్పిన మాట కూడా అక్షరాలా ఇదే. ఆ మాట విని వాడు కొన్న బండికి నిన్న సాయంత్రం 85,000 రూపాయల రిపేరు ఎస్టిమేట్ చేతికొచ్చింది. ఆ కాగితం ఫొటో అదే గ్రూపులో రాత్రి పెట్టాడు. దాని కిందే, తెల్లవారేసరికి, మళ్ళీ అదే సలహా కనిపించింది.

బాబాయి మీద నాకు గౌరవం ఉంది, ఆయన మా మంచి కోరేవారేనని కూడా తెలుసు. నా కోపమంతా ఒక్క విషయం మీద: రోజుకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతావు, ఏ రోడ్డు మీద తిరుగుతావు అని ఆయన అప్పుడు మా తమ్ముణ్ణి అడగలేదు, ఇప్పుడు మా చెల్లెల్నీ అడగలేదు. ఆయనే కాదు, బండి అమ్మిన వాళ్ళూ అడగలేదు.

మా తమ్ముడు నిజాంపేటలో ఉంటాడు, మాదాపూర్‌లో ఉద్యోగం చేస్తాడు. వెళ్ళడానికి 11 కిలోమీటర్లు, రావడానికి 11 కిలోమీటర్లు. ఉదయం పూట ఆ 11 కిలోమీటర్లకు యాభై నిమిషాలు పడుతుంది, వానపడితే గంటన్నర కూడా పడుతుంది. నెలకు 25 రోజుల లెక్కన ఏడాదికి 6,600 కిలోమీటర్లు. సెలవు రోజుల్లో వాడికి బయటికి తిరిగే అలవాటు లేదు, ఊరికి వెళితే రైలెక్కుతాడు. అలాంటి మనిషికి 2021 మోడల్ డీజిలు సెడాన్‌ను, అదే వయసున్న పెట్రోలు బండి కంటే 1,20,000 రూపాయలు ఎక్కువకు, ఒక సెకండ్ హ్యాండు కార్ల దుకాణం వారు అమ్మారు. ఆ రోజు నేనూ వెంట వెళ్ళాను. సిటీలో తిరిగే బండికి డీపీఎఫ్ ఇబ్బంది రాదా అని నేను అడిగితే, బండి చూపిస్తున్న దుకాణం అబ్బాయి నా వైపు చూడకుండా మా తమ్ముడి వైపు తిరిగి, "సార్, అలాంటిదేమీ ఉండదు, మెయింటెనెన్సు జీరో" అని చెప్పాడు. ప్రశ్న అడిగింది నేను. పదకొండేళ్ళుగా కారు నడుపుతున్నది కూడా నేనే. నాకు జవాబు చెప్పడానికి కూడా ఆ అబ్బాయికి మనసొప్పలేదు, ఆ అవమానం నేను మరిచిపోలేదు.

డీపీఎఫ్ అంటే ఏమిటో తెలియని వారి కోసం కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే మొత్తం నష్టమంతా అక్కడే ఉంది. 2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో బండ్ల పొగను కట్టడి చేసే బీఎస్ 6 నిబంధనలు అమలులోకి వచ్చాయి. అప్పటి నుంచి డీజిలు కార్ల పొగ గొట్టంలో మసిని ఆపే వడపోత ఒకటి పెడుతున్నారు, దాని పేరే డీపీఎఫ్ (డీజిల్ పార్టిక్యులేట్ ఫిల్టర్). తేనెపట్టులా సన్నని గదులున్న పింగాణీ దిమ్మ అది. పొగ దాని గోడల గుండా వెళుతుంది, మసి గోడలకు అంటుకుని ఆగిపోతుంది. అలా పేరుకున్న మసిని అప్పుడప్పుడూ కాల్చివేయాలి, లేకపోతే గదులు పూడుకుపోతాయి. కాల్చడానికి దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి. ఇంజను కంప్యూటరే కొంత డీజిలును అదనంగా చిమ్మి ఆ వేడిని పుట్టిస్తుంది, కానీ ఆ పని పూర్తి కావాలంటే బండి పావుగంటో ఇరవై నిమిషాలో ఆగకుండా, ఒకే వేగంతో నడవాలి. హైవే మీద తిరిగే వారికి ఇది ఎప్పుడు జరిగిపోయిందో కూడా తెలియదు. జేఎన్‌టీయూ దగ్గర సిగ్నలు, హైటెక్ సిటీ ఫ్లైఓవరు ముందు బారు, మధ్యలో యూటర్నుల మధ్య నడిచే బండిలో మాత్రం ఆ పని మొదలై సగంలోనే ఆగిపోతుంది. మళ్ళీ మొదలవుతుంది, మళ్ళీ ఆగుతుంది. చిమ్మిన డీజిలు కాలకుండా సిలిండరు గోడల మీదుగా కిందికి జారి ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. మా తమ్ముడి బండిలో డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ తగ్గడానికి బదులు పెరిగి ఉందని మెకానిక్ చూపించాడు. ఆయిల్ పెరిగిందంటే మంచిదేనని మా తమ్ముడు అనుకున్నాడు పాపం, నిజానికి పలచబడిన ఆ ఆయిలే బేరింగులను అరగదీస్తుంది.

మొదటిసారి డ్యాష్‌బోర్డు మీద డీపీఎఫ్ హెచ్చరిక లైటు వెలిగినప్పుడు సర్వీసు సెంటర్‌లో కంప్యూటరు తగిలించి మసి కాల్చి పంపారు. పంపుతూ, వారానికి ఒకసారి ఔటర్ రింగు రోడ్డు మీద అరగంట తిప్పుకోమన్నారు. మా తమ్ముడు బుద్ధిగా ప్రతి ఆదివారం తెల్లవారుజామున లేచి, టోలు కట్టి, నలభై కిలోమీటర్లు తిరిగి వచ్చేవాడు. ఎక్కడికీ వెళ్ళే పని లేకుండా, ఎవరినీ ఎక్కించుకోకుండా, బండి పొగ గొట్టం శుభ్రం చేయడానికి మాత్రమే ఒక మనిషి తన ఆదివారపు నిద్ర మానుకోవలసి వచ్చింది. రెండు వారాలు ఆఫీసు పని వల్ల కుదరలేదు. మళ్ళీ లైటు వెలిగింది, ఈసారి బండి వేగం అందుకోవడం మానేసింది, దిమ్మే మార్చాలన్నారు.

లెక్క చెబుతాను, ఎవరైనా సరిచూసుకోవచ్చు. 2025లో హైదరాబాదులో లీటరు పెట్రోలు సుమారు 107 రూపాయలు, డీజిలు సుమారు 96 రూపాయలు. సిటీలో ఆ తరగతి పెట్రోలు సెడాన్ లీటరుకు 12 కిలోమీటర్లు, డీజిలుది 16 ఇస్తుందనుకుందాం. అంటే కిలోమీటరుకు పెట్రోలుకు 8 రూపాయల 90 పైసలు, డీజిలుకు 6 రూపాయలు. ఆదా 2 రూపాయల 90 పైసలు. అదనంగా పెట్టిన 1,20,000 రూపాయలు తిరిగి రావాలంటే 41,000 కిలోమీటర్లకు పైగా తిరగాలి. ఏడాదికి 6,600 తిరిగే మా తమ్ముడికి అందుకు ఆరేళ్ళు దాటుతుంది. ఆదివారం నాటి ఆ నలభై కిలోమీటర్లకు, లీటరుకు 22 వచ్చినా, ఏడాదికి 9,000 రూపాయల డీజిలు ఖర్చవుతుంది. వాడికి ఏడాదికి మిగిలేదే 19,000. అందులో దాదాపు సగం మసి కాల్చడానికే పోతే ఇక బాబాయి చెప్పిన మైలేజీ ఎవరి జేబులోకి వెళ్ళినట్టు? టోలు, సర్వీసు ఖర్చు, ఈ 85,000 నేనింకా లెక్కలోకి తీసుకోలేదు.

డీజిలు పనికిరానిదని నేను అనడం లేదు, అలా అంటే అబద్ధమవుతుంది. వారానికి రెండుసార్లు హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్ళి వచ్చే మనిషి ఉన్నాడనుకోండి, అతను వారానికి దాదాపు 1,100 కిలోమీటర్లు తిరుగుతాడు. హైవే మీద పెట్రోలు బండి కూడా 17 ఇస్తుంది కాబట్టి కిలోమీటరుకు ఆదా రెండు రూపాయలకు తగ్గుతుంది, అయినా 13 నెలల్లో అతని అదనపు డబ్బు తిరిగి వచ్చేస్తుంది. డీపీఎఫ్ సంగతి అతను తలచుకోనవసరం కూడా ఉండదు. హోండా సిటీ డీజిలు ఇంజను 1,750 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజను తిరిగే చుట్లు) దగ్గరే 200 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే బండిని లాగే తిప్పుడు బలం, ఇచ్చేది, అదే బండి పెట్రోలు ఇంజను ఎక్కువ గుర్రాల బలమున్నదైనా 4,300 ఆర్‌పీఎంకు చేరితే తప్ప తన 145 ఇవ్వలేదు. నలుగురు మనుషులు, సామాను, ఏసీతో శ్రీశైలం ఘాటు ఎక్కిన వారికి ఈ తేడా ఏమిటో కాలికే తెలుస్తుంది. ఆ సుఖం నాకూ ఇష్టమే. మా తమ్ముడు ఎక్కేది శ్రీశైలం ఘాటు కాదు, ఫోరం మాల్ దగ్గరి ఫ్లైఓవరు.

ఇలా అంటే వెంటనే ఎత్తుకునే మాట, "పెట్రోలులో ఇథనాల్ 20 శాతం కలుపుతున్నారు కదా, మైలేజీ పడిపోయింది కదా" అని. అది న్యాయమైన బాధే. ఇథనాల్‌లో పెట్రోలు కంటే మూడో వంతు శక్తి తక్కువ. పాత పద్ధతిలో తయారైన కార్లకు 6 నుంచి 7 శాతం మైలేజీ తగ్గుతుందని 2021లో నీతి ఆయోగ్ నివేదికలోనే ఉంది. తగ్గిన శక్తికి తగ్గట్టు బంకులో ధర తగ్గించకపోవడం కొన్నవారికి అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. ఆ తగ్గుదల కలిపి మళ్ళీ లెక్క వేసినా మా తమ్ముడి డబ్బు తిరిగి రావడానికి ఐదేళ్ళు పడుతుంది.

ఇదంతా నాకు ఇంతగా గుచ్చుకోవడానికి ఇంకొక కారణం ఉంది. 2012లో మా నాన్నగారు కూడా ఇలాగే డీజిలు సెడాన్ కొన్నారు. ఆ ఏడాది మే నెలలో ఢిల్లీలో పెట్రోలు 73 రూపాయల 18 పైసలు, డీజిలు 40 రూపాయల 91 పైసలు. ముప్పై రూపాయలకు పైగా తేడా కనబడేసరికి ఊరంతా డీజిలు బండ్ల కోసం నెలల తరబడి వరుసలో నిలబడింది. నాన్నగారు ఖమ్మంలో ఉపాధ్యాయులు, బడి ఇంటికి మూడు కిలోమీటర్లు. పెట్రోలు బండి తీసుకుందామని అమ్మ అంటే, "నీకేం తెలుసు వదినా" అని బాబాయే మాట తుంచేశారు. మరుసటి జనవరి నుంచి ప్రభుత్వం డీజిలు ధరను నెలకు యాభై పైసల చొప్పున పెంచుతూ పోయింది, 2014 అక్టోబరులో నియంత్రణ పూర్తిగా ఎత్తివేసింది. అప్పటికి తేడా పదకొండు రూపాయలకు చేరింది. నాన్నగారు పదేళ్ళలో తిరిగింది 35,000 కిలోమీటర్లు. ఇంజనులోకి డీజిలు చిమ్మే ఇంజెక్టర్లు మార్చడానికి తన పింఛను డబ్బులోంచి తీసి కట్టిన రోజు ఆయన ముఖం నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. అమ్మ ఆ రోజు ఒక్క మాట కూడా అనలేదు.

ఇప్పుడైతే పదిహేను, ఇరవై లక్షల లోపు కొత్త డీజిలు సెడాన్ దొరకనే దొరకదు. మారుతి 2020లోనే డీజిలు మానేసింది. 2023లో హోండా సిటీ డీజిలు ఆగిపోయింది, అదే ఏడాది మార్చిలో వచ్చిన కొత్త హ్యుందాయ్ వెర్నా పెట్రోలుతో మాత్రమే వచ్చింది, స్కోడా స్లావియా, ఫోక్స్‌వ్యాగన్ విర్టస్ మొదటి నుంచీ పెట్రోలే. అందువల్ల ఎవరైనా "డీజిలు సెడాన్ తీసుకో" అంటే సెకండ్ హ్యాండు బండి తీసుకోమని అర్థం. ముందు దాన్ని ఎవరు నడిపారో, సిటీలో నడిపారో హైవే మీద నడిపారో, వడపోతలో ఎంత మసి పేరుకుని ఉందో తెలియని బండి తీసుకోమని అర్థం. కంప్యూటరు తగిలిస్తే ఆ మసి లెక్క పది నిమిషాల్లో తెలుస్తుంది. ఆ కాగితం చూపించకుండా అమ్మడం నా దృష్టిలో మోసమే.

నిన్న ఇంకొక మాట విన్నాను, అది అన్నిటికన్నా బాధించింది. దిమ్మ మార్చడానికి అంత డబ్బు లేదని మా తమ్ముడు అంటే, పక్కనే ఉన్న ఒక షెడ్డు మెకానిక్, "లోపలి దిమ్మ పగలగొట్టి తీసేసి, కంప్యూటరులో మార్చేస్తాను, 15,000 ఇవ్వండి, జన్మలో లైటు వెలగదు" అన్నాడు. అది చట్టవిరుద్ధం. డీజిలు పొగ మనుషులకు క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2012 జూన్‌లోనే తేల్చింది. ఆ మసి పోయేది మా తమ్ముడి వెనక స్కూటీ మీద ముందు నిలబడి బడికి వెళ్ళే పిల్లల ముక్కుల్లోకి. మా తమ్ముడు ఒప్పుకోలేదు, అప్పు చేసైనా దిమ్మ మార్పిస్తానన్నాడు. వాడి మీద నాకు గర్వంగా ఉంది, కానీ వాణ్ణి ఆ స్థితికి తెచ్చిన సలహా మీద కోపం మాత్రం తగ్గడం లేదు.

ఇదంతా గ్రూపులో రాయలేదు. మా చెల్లెలికి విడిగా సందేశం పంపాను: ఇంటి నుంచి ఆఫీసు ఎంత దూరం, ఊరు దాటి నెలకు ఎన్నిసార్లు వెళతావు, ఇప్పుడు నువ్వు తిరిగేది లెక్కపెట్టి చెప్పు అని. మధ్యాహ్నం జవాబు వచ్చింది. "అక్కా, రోజుకు రానూపోనూ తొమ్మిది కిలోమీటర్లు, నెలకు ఒకసారి తెనాలి." పెట్రోలు బండి చూడమని చెప్పాను, శనివారం విజయవాడ వచ్చి నేనూ తోడుగా షోరూముకు వస్తానని చెప్పాను.