ఏ దేశ చట్టమో ముందే చెప్పలేరా?

గుజరాత్‌లో వైద్య పరికరాలు తయారుచేసే మెరిల్ లైఫ్ సైన్సెస్‌కూ, వాటిని కొలంబియాలో అమ్మే డిసార్థో కంపెనీకీ 2016 మేలో పంపిణీ ఒప్పందం కుదిరింది. తర్వాత చెడింది. ఆర్బిట్రేటర్‌ను, అంటే కోర్టు బయట తగాదా తీర్చే మధ్యవర్తిని, ఏ దేశ చట్టం కింద నియమించాలన్న తొలి మెట్టు దగ్గరే వ్యవహారం ఆగిపోయి, సుప్రీంకోర్టు దాకా వచ్చింది. అది తేలింది 2025 మార్చిలో. అసలు తగాదా మీద విచారణ ఆ తర్వాతి మాట!

ఒప్పందం చదివితే చిక్కు ఎక్కడుందో తెలుస్తుంది. ఇది భారత చట్టాల ప్రకారం నడుస్తుందని, అన్ని విషయాలూ గుజరాత్ కోర్టుల పరిధిలోవని 16.5 క్లాజు అంటుంది. తగాదా వస్తే కొలంబియా రాజధాని బొగొటా చాంబర్ ఆఫ్ కామర్స్ ఆధ్వర్యంలో, బొగొటాలోనే ఆర్బిట్రేషన్ జరగాలని, అవార్డుకు, అంటే ఆర్బిట్రేటర్ ఇచ్చే తీర్పుకు, కొలంబియా చట్టమే ప్రమాణమని 18వ క్లాజు అంటుంది. మరి ఆర్బిట్రేషన్ క్లాజుకే వర్తించే చట్టం ఏది? ఆ ముక్క ఎక్కడా లేదు. ప్రధాన ఒప్పందం ఏ చట్టం కిందుంటే ఆర్బిట్రేషన్ ఒప్పందమూ సాధారణంగా దాని కిందే ఉన్నట్టని, బొగొటా కేవలం విచారణ జరిగే చోటని త్రిసభ్య ధర్మాసనం తేల్చింది. ఆ ఇద్దరి వరకూ సమస్య తీరింది. రేపు ఇంకో ఒప్పందం, ఇంకో బెంచి వస్తే? గొడవ ముదిరాక చట్టం వెతుక్కోవడం మన దగ్గర అలవాటైపోయింది. మా ఆందోళన అదే.

దీని దెబ్బ హైదరాబాద్‌కు కొత్త కాదు. సత్యం కంప్యూటర్స్‌కూ అమెరికా సంస్థ వెంచర్ గ్లోబల్‌కూ మధ్య లండన్ ఆర్బిట్రేషన్ కోర్టు 2006లో ఇచ్చిన అవార్డును సికింద్రాబాద్ సిటీ సివిల్ కోర్టులో సవాలు చేశారు. విదేశంలో ఇచ్చిన అవార్డునైనా మన చట్టం కింద సవాలు చెయ్యొచ్చని 2008లో సుప్రీంకోర్టు అంది. 2012 సెప్టెంబరు 6న బాల్కో అనే అల్యూమినియం కంపెనీ కేసులో అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం అది తప్పని కొట్టేసింది. అదీ ఆ తేదీ తర్వాత రాసుకున్న ఒప్పందాలకే! అంతకు ముందు రోజు సంతకం చేసినవాడికి పాత రూలు, మర్నాడు చేసినవాడికి కొత్త రూలు. సంతకం పెట్టేటప్పుడు వాళ్లలో ఎవరికైనా ఈ సంగతి తెలిసే దారి ఉందా?

పార్టీల మనసులో ఏముందో కోర్టే కేసును బట్టి చూడాలని, గిరి గీస్తే కొందరికి అన్యాయం జరుగుతుందని వాదించేవారున్నారు. అలా చూసే తీరిక, ఖర్చు పెట్టే స్తోమత పెద్ద కంపెనీలకే ఉంటాయి. జీడిమెట్లలో బల్క్ డ్రగ్స్ తయారుచేసే చిన్న యూనిట్, గుంటూరు నుంచి మిర్చి పంపే వ్యాపారి సాధారణంగా కొనుగోలుదారు పంపిన ఫారం మీదే సంతకం పెడతారు. రేటు, సరుకు, డెలివరీ తేదీ చూస్తారు. చివరి పేజీలోని క్లాజు ఏ దేశపు చట్టం కిందికి వస్తుందో సుప్రీంకోర్టు మెట్లెక్కి తెలుసుకోమనడం వాళ్లను నిలువునా ముంచడమే.

బ్రిటన్‌కూ ఈ తలనొప్పి ఉండేది. ఎంకా, చబ్ అనే కంపెనీల కేసులో 2020లో అక్కడి సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తులు 3-2గా చీలారు. దాంతో బ్రిటన్ ఊరుకోలేదు. ఆర్బిట్రేషన్ ఒప్పందానికి ఫలానా చట్టమని పార్టీలు విడిగా రాసుకుంటే తప్ప, సీటు, అంటే చట్టరీత్యా ఆర్బిట్రేషన్‌కు నెలవుగా ఎంచుకున్న చోటు, ఉన్న దేశపు చట్టమే వర్తిస్తుందని పార్లమెంటులో చట్టం చేశారు. అది 2025 ఆగస్టు 1 నుంచి అమల్లోకి వచ్చింది. సంతకం పెట్టే రోజే ఎవరికైనా అర్థమయ్యే రూలు అది.

మనకూ అలాంటి రూలే కావాలి. 1996 నాటి మన ఆర్బిట్రేషన్ చట్టంలో అది లేదు. కేంద్ర న్యాయశాఖ 2024 అక్టోబరులో అభిప్రాయాల కోసం విడుదల చేసిన సవరణ ముసాయిదా ‘సీటు’ అనే మాటనైతే పట్టించుకుంది గానీ, ఈ ప్రశ్నకు సూటిగా జవాబివ్వలేదు. అంతర్జాతీయ ఆర్బిట్రేషన్ హబ్ అవుతామని ఏళ్లుగా ఊదరగొడుతున్నారు. హైదరాబాద్‌లో 2021లో ఆర్భాటంగా ఆర్బిట్రేషన్ కేంద్రం తెరిచారు. ఏ చట్టం వర్తిస్తుందో ముందుగా చెప్పలేని దేశానికి తగాదా తీర్చుకోవడానికి ఎవరొస్తారు? అయిదుగురిలో ఇద్దరు విభేదించగానే బ్రిటన్ పార్లమెంటు కదిలింది. 2008లో ఒక మాట, 2012లో ఒక మాట విన్నాక కూడా మన న్యాయశాఖ ఈ ఒక్క వాక్యం రాయలేకపోతే, అది చేతగానితనం కాక మరేమిటి?