చీటీ తిరిగి రావాలి

కళ్లద్దాల షాపులో 48 ఏళ్ల మనిషి కూర్చున్నాడు. పేపరు చేయి చాచి చదవాల్సి వస్తోంది కాబట్టి చత్వారమని తనకే తెలుసు. ఆప్టోమెట్రిస్టు ట్రయల్ ఫ్రేమ్ పెట్టి, అద్దాలు మార్చి మార్చి 'ఇది బాగుందా, అది బాగుందా' అని అడుగుతారు. చివరి వరుస దాకా గడగడా చదివేశాడు. నంబరు రాసిచ్చారు. పావుగంటలో పనైపోయింది, ఇద్దరికీ సంతోషమే. నీటికాసులు (గ్లకోమా) మొదలైన కన్ను కూడా ఇలాగే చివరి వరుస దాకా చదువుతుంది. ఆ జబ్బులో ముందు పక్కచూపు తరుగుతుంది, ఎదురుచూపు ఆఖర్న పోతుంది. కంటినరం మొదలును ఆ రోజు ఎవరైనా చూసి ఉంటే తెలిసేది. అద్దాల కోసం వచ్చిన మనిషి మళ్లీ రెండేళ్ల దాకా ఆ గుమ్మం తొక్కడు.

మన దగ్గర కంటి డాక్టరు కంటే ముందు జనం కంట్లోకి చూసేది ఆప్టోమెట్రిస్టులు, నేత్ర సహాయకులే. 2018 ఆగస్టు 15న తెలంగాణలో, మరుసటి ఏడాది అక్టోబరు 10న ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన కంటి వెలుగు శిబిరాల్లో బరువు మోసింది వీళ్లే. ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వ్యవస్థలోనూ అట్టడుగు మెట్టు విజన్ సెంటరే. దాదాపు 50 వేల జనాభాకు ఒకటి చొప్పున పెట్టిన ఆ సెంటర్లో ఉండేది డాక్టరు కాదు, శిక్షణ పొందిన విజన్ టెక్నీషియన్. ఇంత బాధ్యత మోసేవాళ్ల చదువు డిగ్రీ పట్టా చేతికొచ్చిన రోజే ఆగిపోతే నష్టం ఎవరికో వేరే చెప్పనక్కర్లేదు.

ఒక్క ఉదాహరణ. పిల్లలకు సైటు వస్తే, అంటే దూరపువి మసకగా కనిపిస్తే, కాస్త తక్కువ పవరు అద్దం ఇవ్వాలి, అప్పుడు సైటు పెరగదని ఒకప్పుడు చాలామంది నమ్మేవారు. వినడానికి సబబుగానే ఉంటుంది. మలేసియాలో పిల్లల మీద పరీక్షించి చూస్తే, తక్కువ పవరు వాడినవాళ్లకే సైటు ఎక్కువగా పెరిగిందని 2002లో తేలింది. ఈ రోజుకీ 'పాపకు కొంచెం తగ్గించి రాశాను, కంగారు పడకండి' అనే మాట వినిపిస్తూనే ఉంది. చెప్పేవాళ్లలో దురుద్దేశం ఏమీ లేదు. కాలేజీలో విన్నది అదే, ఆ తర్వాత వచ్చి కొత్తగా చెప్పినవాళ్లు లేరు, అంతే. ఈలోగా సైటు పెరుగుదలను నెమ్మదింపజేసే అట్రోపిన్ చుక్కలు, ప్రత్యేక లెన్సులు వచ్చాయి. వాటిని ఏ పిల్లకు చెప్పాలి, ఎవరికి అనవసరం అన్నది కంపెనీ ప్రతినిధి నోటి నుంచి నేర్చుకోవాల్సిన విషయం కాదు.

డాక్టర్లు ఐదేళ్లకు కనీసం 30 గంటలు నిరంతర వైద్యవిద్యలో పాల్గొనాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనల్లోనే ఉంది. ఆప్టోమెట్రిస్టులకు 2021లో అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం వచ్చేదాకా దేశమంతటికీ చట్టబద్ధమైన రిజిస్టరే లేదు. పేరే నమోదు కానివాళ్లను చదువు కొనసాగించారా అని ఎవరు అడుగుతారు? ఆ చట్టం రిజిస్టరు బాధ్యతను రాష్ట్ర మండళ్లకు అప్పగించింది. నమోదును పునరుద్ధరించే ప్రతిసారీ కొత్తగా ఏం నేర్చుకున్నారో చూపాలని రెండు రాష్ట్రాలూ నియమం పెట్టాలని మేము కోరుతున్నాం.

అయితే గంటలు లెక్కపెట్టి ఊరుకుంటే ఏం జరుగుతుందో మనకు తెలియనిది కాదు. హోటల్ హాలు, లెన్సు కంపెనీ బ్యానరు, చీకట్లో స్లైడ్లు, బిర్యానీ, గ్రూప్ ఫొటో, సర్టిఫికెట్. బ్రిటన్‌లో ఆప్టోమెట్రిస్టులు కొనసాగించే చదువుకు మూడేళ్లకు 36 పాయింట్లు సంపాదించాలి. కానీ అందులో కనీసం ఒకసారైనా తోటివాళ్లతో కూర్చుని కేసులు చర్చించి తీరాలి. తెచ్చుకోవాల్సింది పాయింట్ల సంఖ్యను కాదు, ఆ చర్చను.

దానికంటే చవకైన బడి ఒకటి మన చేతిలోనే ఉంది. ఏడాదిలో మూడుసార్లు అద్దాల నంబరు మారిన మనిషిని ఆప్టోమెట్రిస్టు అనుమానించి, షుగరు పరీక్ష చేయించుకోమని చీటీ రాసి పంపారనుకుందాం. రక్తంలో షుగరు ఎక్కువతక్కువలైతే కంటి పవరూ మారుతుంది కాబట్టి ఆ అనుమానం సరైనదే. ఇంకొకరిని, టార్చి ఒక కంటి నుంచి మరో కంటికి మార్చినప్పుడు కనుపాప ముడుచుకోకుండా విప్పారిందని, నరం చూపించుకోమని పెద్దాసుపత్రికి పంపారు. ఆ తర్వాత? మనిషి వెళ్లాడో లేదో, అనుమానం నిజమైందో కాదో, తను ఇంకేమైనా చూడకుండా వదిలేశారో ఆ పంపిన మనిషికి ఏనాటికీ తెలియదు. పదేళ్లు పనిచేసినా, తన తప్పొప్పులు తెలియనివాళ్ల అనుభవం ఒకే ఏడాది పదిసార్లు గడిచినట్టు ఉంటుంది.

జిల్లా ఆసుపత్రుల కంటి విభాగాలు, పెద్ద కంటి ఆసుపత్రులు తమకు వచ్చిన ప్రతి చీటీకి నాలుగు వాక్యాల జవాబు తెలుగులోనో ఇంగ్లిషులోనో తిరిగి పంపాలి. ఫోన్లో ఫొటో తీసి పంపినా చాలు. రోగికి అభ్యంతరం లేకపోతే కనుక్కున్నదేమిటో రాయాలి, పేరు దాచి ఉంచాలి. నెలకోసారి ఆ జవాబులు ముందు పెట్టుకుని, ఆ జిల్లాలోని ఆప్టోమెట్రిస్టులు డాక్టరుతో కలిసి కంటిని పెద్దది చేసి చూపే స్లిట్ ల్యాంప్ పక్కనే రెండు గంటలు కూర్చోవాలి. మండలి ఈ రెండు గంటలనూ చదువు కిందే లెక్కగట్టాలి. ఆదివారం షాపులో బేరం ఎక్కువ, కనుక వారంలో మధ్యాహ్నం పెట్టడం మేలు. ఆ పూట జీతం కోయకూడదని యజమానులకు చెప్పాల్సింది కూడా మండలే.

ఇందుకు కొత్త భవనం అక్కర్లేదు, కొత్త యంత్రం అక్కర్లేదు. ఇప్పుడు వాడుతున్న రెఫరల్ చీటీ కింద 'జవాబు' అని నాలుగు ఖాళీ గీతలు అచ్చు వేయించాలి.